వీధి పలకల మీద పిలిచే పేరు కూడా రాయించండి: విజయవాడ నగరపాలక సంస్థకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన విజయవాడ నగరపాలక సంస్థ పాలకవర్గ సభ్యులకు, కమిషనర్ గారికి, వీధుల పేర్ల వ్యవహారం చూసే అధికారులకు నమస్కారాలు.

నేను ఈ ఊళ్లో ముప్పై మూడేళ్లు తపాలా ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని. మొదటి పద్దెనిమిదేళ్లు సైకిలు మీద ఉత్తరాలు పంచాను. తరవాత మోకాలు సహకరించక సార్టింగ్ బల్ల దగ్గర కూర్చున్నాను. ఈ రెండు పనుల్లోనూ నాకు తిండి పెట్టినవి వీధుల పేర్లే కాబట్టి, వాటి గురించి మీతో నాలుగు మాటలు చెప్పుకునే చనువు నాకు ఉందనుకుంటున్నాను. వీధులకు పేర్లు పెట్టే పని, ఇళ్లకు నంబర్లు వేసే పని చట్టం మీ చేతిలోనే పెట్టింది కనుక ఈ లేఖ మీకే రాస్తున్నాను.

నా మనవి ముందే చెప్పి, కారణాలు తరవాత చెబుతాను. నగరంలో కొత్తగా పెట్టే ప్రతి వీధి పలక మీదా, ప్రతి కూడలి పలక మీదా అధికారిక నామంతో పాటు జనం పిలుచుకునే పేరును కూడా అంతే పెద్ద అక్షరాలతో, తప్పుల్లేని తెలుగులో రాయించండి. దాని కింద ఆ పేరు ఎందుకు వచ్చిందో ఒక్క వాక్యం చేర్చండి. ఉన్న పేరు ఏదీ తీసేయమని నేను అడగడం లేదు.

బందరు రోడ్డుతో మొదలుపెడతాను. కాగితాల మీద అది మహాత్మాగాంధీ రోడ్డు. నా చేతుల మీదుగా పోయిన కవర్లలో ఆ పేరు రాసేవారు ముఖ్యంగా ఆఫీసుల వాళ్లు, ఉత్తరాది నుంచి ఉత్తరాలు పంపేవాళ్లు. ఊళ్లో పుట్టినవారు, ఊరికి కోడళ్లుగా వచ్చినవారు, జిల్లా నుంచి సరుకు కొనుక్కోవడానికి వచ్చేవారు అందరూ బందరు రోడ్డు అనే రాశారు, ఇప్పటికీ అలాగే అంటున్నారు. ఇది గాంధీ గారి మీద గౌరవం లేక చేసిన పని ఎంత మాత్రం కాదు. బందరు రోడ్డు అనే పేరు దారి చెబుతుంది. అది మచిలీపట్నం పోయే దారి. పారశీకం నుంచి వచ్చిన బందరు అనే మాటకు ఓడరేవు అని అర్థం. అంటే ఆ రోడ్డు పేరులో ఊరు ఉంది, ఆ ఊరి పేరులో రేవు ఉంది, ఆ రేవు వెనక మూడు నాలుగు శతాబ్దాల వర్తకం ఉంది. డచ్చి కంపెనీ వారు 1600ల మొదటి దశకంలోనే అక్కడ కోఠీ పెట్టారు, ఇంగ్లీషు కంపెనీ 1611లో దిగింది, ఆ తరవాత ఫ్రెంచివారు వచ్చారు. ఆ ముగ్గురూ పోయినా మచిలీపట్నంలో వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట మిగిలాయి. వలందు అంటే హాలండు వాడు, పరాసు అంటే ఫ్రెంచివాడు. మన తెలుగు నోరు వాళ్ల దేశాల పేర్లను అలా నమిలి తనలో కలుపుకుంది. విజయవాడ నుంచి బస్సెక్కి ఆ రోడ్డు చివరిదాకా పోతే ఈ పేర్లన్నీ కళ్లబడతాయి. ఇప్పుడు జాతీయ రహదారి 65గా లెక్కకెక్కిన ఆ దారి పుణె దగ్గర మొదలై బందరు దగ్గరే ఆగుతుంది. అంకె మారింది, అంతకుముందు 9 అనేవారు, గమ్యం మారలేదు.

ఇక ఎం.జి. రోడ్డు అంటారా, సికింద్రాబాదులో ఒకటి ఉంది, బెంగళూరులో ఒకటి ఉంది, దేశంలో చెప్పుకోదగ్గ ప్రతి పట్టణంలోనూ ఒకటి ఉంటుంది. అయినా మన ఊళ్లో ఆ పేరు ఊరికే తగిలించింది కాదు, దానికి గట్టి కారణమే ఉంది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం బెజవాడలో జరిగింది. గాంధీ గారు వచ్చారు. ఆ సందర్భంలోనే పింగళి వెంకయ్య గారు జెండా నమూనాను ఆయనకు అందించారు. వెంకయ్య గారి స్వగ్రామం భట్లపెనుమర్రు, అది మళ్లీ బందరు వైపు ఊరే. విక్టోరియా రాణి జూబిలీ పేరిట 1887లో పునాది వేసిన భవనం ఈ రోడ్డు మీదే ఉంది, అదే ఇప్పుడు చిత్రకారుడు బాపు పేరిట ఉన్న బాపు మ్యూజియం. గాంధీ పేరు ఈ రోడ్డుకు తగినదేనని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. కానీ ఆ రోడ్డు మీద నిలబడి చూసేవాడికి ఇందులో ఒక్క ముక్కా తెలియదు. ఎం.జి. అనే రెండు పొడి అక్షరాలే కనిపిస్తాయి. ‘మహాత్మాగాంధీ రోడ్డు (బందరు రోడ్డు): ఓడరేవు మచిలీపట్నానికి పోయే పాత దారి, 1921లో గాంధీజీ బెజవాడ వచ్చారు’ అని ఒక పలక ఉంటే గాంధీ గారికీ న్యాయం జరుగుతుంది, బందరుకూ న్యాయం జరుగుతుంది.

ఇక్కడ ఒక చిన్న సంగతి. తెలుగులో బందరు అని ఉకారంతో రాయకుండా, ఇంగ్లీషు అక్షరాల్లోంచి వెనక్కి తెచ్చి బందర్ అని రాయడం మొదలైంది. హిందీ వచ్చినవారికి బందర్ అంటే ముందుగా తోచేది కోతి. ఫోనులో దారి చెప్పే గొంతు కూడా ఆ ధోరణిలోనే పలుకుతుంటే, పక్కన కూర్చున్న ఉత్తరాది అల్లుడు ‘మీ ఊళ్లో కోతుల రోడ్డు ఉందా మామగారూ’ అని నన్ను అడిగాడు. నవ్వి ఊరుకున్నాను గాని, ఒక్క ఉకారం పోతే ఓడరేవు కోతి అయ్యిందని మనసులో పెట్టుకున్నాను.

ఏలూరు రోడ్డు కథ కూడా ఇలాంటిదే, కాకపోతే అక్కడ అధికారిక నామం కార్ల్‌మార్క్స్ రోడ్డు. వామపక్ష ఉద్యమానికి ఒకప్పుడు ఈ నగరం పెట్టని కోట. ఆ రోడ్డు పొడవునా పుస్తకాల దుకాణాలు, పార్టీల ప్రచురణ సంస్థలు, పాత పుస్తకాలు పేర్చుకుని కూర్చునే పేవ్‌మెంటు వ్యాపారులు ఉండేవారు, కొందరు ఇంకా ఉన్నారు. అందుకని మార్క్సు పేరు కూడా గాలిలోంచి ఊడిపడలేదు. అయినా ఆ పేరుతో చిరునామా చెప్పేవాణ్ని నేను ఆటో స్టాండులో ఒక్కణ్నీ చూడలేదు. అదే రోడ్డు మీద లెనిన్ సెంటర్ మాత్రం అందరి నోళ్లలో నలిగింది. ఎందుకని? లెనిన్ విగ్రహం అక్కడ కళ్ల ఎదుట నిలబడి ఉంది, పైగా ఆ చోటికి ‘ఏలూరు’ లాంటి బలమైన పాత పేరు అడ్డు రాలేదు. కొత్త పేరు నిలబడాలంటే చూడడానికి ఒక వస్తువు ఉండాలి, లేదా అంతకుముందు ఖాళీ అయినా ఉండాలి. ఈ రెండూ లేని చోట తీర్మానం చేసి పేరు పెడితే అది పలక మీద ఉంటుంది, నోట్లోకి రాదు.

చూడడానికి వస్తువు ఉంటే కొత్త పేరు నిలబడుతుందనడానికి గాంధీ కొండే మంచి ఉదాహరణ. దాన్ని పూర్వం ఓర్ కొండ అనేవారు. 1850లలో కృష్ణ మీద ఆనకట్ట కట్టించిన కెప్టెన్ ఛార్లెస్ ఓర్ పేరది. 1968లో కొండ మీద 52 అడుగుల గాంధీ స్తూపం లేచింది, రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ గారు ఆవిష్కరించారు. దిగువన రైలు దిగినవాడికి కూడా స్తూపం కనిపిస్తుంది. దాంతో ఓర్ కొండ పేరు నిశ్శబ్దంగా వెళ్లిపోయింది. నేను ఆ మార్పును తప్పు పట్టడం లేదు. ఆనకట్ట కట్టినవాడి పేరు మాత్రం కొండ కింద ఎక్కడో ఒక రాతి మీద అయినా మిగలవలసింది. ఈ డెల్టా తింటున్న అన్నంలో ఆయన చెమట కొంత ఉంది. మరో ఇంజినీరు రైవ్స్ పేరు మాత్రం రైవస్ కాలువగా ఇప్పటికీ ఊరి మధ్య పారుతోంది. అది ఒక మనిషి పేరని తెలియక, రైవస్ అనేది ఏదో ఊరనుకునేవాళ్లు కాలువ గట్టునే కాపురముంటున్నారు.

విగ్రహం ఉంటే చాలు పేరు నిలుస్తుందని అనుకోవడానికీ లేదు. బెంజ్ సర్కిల్‌లో జై ఆంధ్ర ఉద్యమ నాయకుడు కాకాని వెంకటరత్నం గారి విగ్రహం ఎన్నో ఏళ్లు ఉంది. అయినా ఆ కూడలి బెంజ్ సర్కిల్‌గానే ఉండిపోయింది, ఇప్పుడు ఆ విగ్రహం చోటు కూడా మారింది. లారీల రవాణాకు ఈ ఊరు పెట్టింది పేరు కాబట్టి, లారీ డ్రైవర్లు ఒకసారి అలవాటు చేసిన పేరును ఇక ఎవరూ కదపలేరు. పక్కనే ఉన్న ఆటోనగర్ అసలు పేరు జవహర్ ఆటోనగర్. అందులో జవహర్ ఎప్పుడు జారిపోయిందో ఎవరూ గమనించలేదు. నెహ్రూ గారి విషయంలో ఈ ఊరు మరీ విచిత్రంగా ప్రవర్తించింది. ఆయన పేరిట పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్ కడితే, మూడు దశాబ్దాలు దాటినా దాన్ని ‘కొత్త బస్టాండు’ అంటున్నారు. వన్‌టౌన్‌లో ఆయన విగ్రహం పెడితే దాన్ని మాత్రం ముద్దుగా ‘నెహ్రూ బొమ్మ సెంటర్’ చేసుకున్నారు.

పేరు ఎప్పటిదో తెలియకపోతే ఎంత పొరపాటు పడవచ్చో చెబుతాను. 2019లో రాజ్‌భవన్ సూర్యారావుపేటకు వచ్చింది. దాన్ని ఆనుకునే గవర్నర్‌పేట ఉంది. కొత్తగా ఉద్యోగానికి వచ్చిన కుర్రవాడెవరైనా గవర్నర్ గారు ఉన్నారు కనుక గవర్నర్‌పేట అయిందని అనుకుంటే అతణ్ని తప్పుపట్టలేం. కానీ నేను ఉద్యోగంలో చేరిన మొదటి రోజున మోసిన సంచీ మీద కూడా గవర్నర్‌పేట అనే ఉంది. పాతికేళ్లు గడిస్తే ఈ తప్పు కారణమే చరిత్రగా పుస్తకాల్లోకి ఎక్కుతుంది. చిన్న తేదీ ఒకటి పలక మీద ఉంటే ఇంత దూరం పోదు.

బీసెంట్ రోడ్డు సంగతి కూడా చూడండి. అనీబిసెంట్ 1917లో కాంగ్రెస్‌కు అధ్యక్షత వహించిన స్త్రీ, హోంరూల్ ఉద్యమం నడిపిన మనిషి, మదనపల్లెలో 1915లో కళాశాల పెట్టిన మనిషి. ఆమె పేరున్న వీధిలో ఇవాళ చీరలు, చెప్పులు, జడ క్లిప్పులు కొనడానికి జనం భుజాలు రాసుకుంటూ నడుస్తారు. మా మనవరాలు ‘అక్కడ సెంటు అమ్ముతారా తాతయ్యా’ అని అడిగింది. పిల్ల మాటకు నవ్వాను గాని, ఆ వీధిలో నడిచే పెద్దల్లో ఎందరికి ఆమె పేరు తెలుసో లెక్కపెట్టే ధైర్యం నాకు లేదు. కాళేశ్వరరావు మార్కెట్టు కూడా కె.ఆర్. మార్కెట్టు అయిపోయింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ తొలి స్పీకరు అయ్యదేవర కాళేశ్వరరావు గారు రెండు ఇంగ్లీషు అక్షరాల్లో దాక్కుని, వంకాయలకూ బెండకాయలకూ మధ్య కాలక్షేపం చేస్తున్నారు.

మహనీయుల పేర్లు ఇలా పొట్టివైపోవడం కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది నేల చెప్పే పేర్లు పోవడం. ఈ ఊరు నీళ్ల మధ్య పుట్టింది. ఇటు కృష్ణ, అటు బుడమేరు, నడుమ బందరు, ఏలూరు, రైవస్ కాలువలు. అందుకని మన పాత పేర్లలో నీళ్లు నిండా ఉన్నాయి. కృష్ణలంక, పటమటలంక, చుట్టుగుంట, ఏలూరు లాకులు, బందరు లాకులు, పడవల రేవు. లంక అంటే ఏటి నడుమ గాని ఏటి ఒడ్డున గాని తేలిన నేల. ఏరు పెరిగితే అది మళ్లీ ఏటిదే. గుంట అంటే నీరు నిలిచే పల్లం. ఇవన్నీ ఇల్లు కట్టేవాడికి పూర్వికులు రాసిపెట్టిన హెచ్చరికలు. కృష్ణలంకకు ఇవాళ రక్షణ గోడ ఉంది కాబట్టి కొంత నిశ్చింతగా ఉన్నాం, కానీ ఆ గోడ ఎందుకు కావలసి వచ్చిందో ‘లంక’ అనే రెండక్షరాలు ఎప్పుడో చెప్పాయి. లంక అనే మాట తీసేసి అక్కడ ఒక నాయకుడి పేరుతో నగర్ అని తగిలించి ఉంటే, ఆ సమాచారం మన చేతిలోంచి జారిపోయేది.

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, వాంబే కాలనీ నీట మునిగినప్పుడు ఈ పేర్ల అవసరం ఎంతో మరో విధంగా తెలిసింది. సింగ్‌నగర్ వైపు ఉంటున్న మా మేనకోడలు మేడ మీద నుంచి ఫోను చేసి, ‘పైపుల రోడ్డు దాటాక రెండో సందు’ అని చెప్పింది. అది ఊరి మనిషికి అరక్షణంలో అర్థమయ్యే చిరునామా. అదే మాట బయట నుంచి పడవలతో వచ్చిన సహాయక సిబ్బందికి చెబితే వారు చేతిలోని పటంలో వెతుక్కోవలసి వచ్చింది. వారి తప్పు ఏమీ లేదు, ఆ పిల్ల తప్పూ లేదు. నోటి పేరుకూ పటం పేరుకూ మధ్య వంతెన ఎవరూ వేయలేదు, అంతే. మెడ లోతు నీళ్లలో డివిజన్ నంబరు, వార్డు సచివాలయం నంబరు గుర్తుకు రావు. పైపుల రోడ్డే గుర్తుకొస్తుంది.

ఆ వాంబే కాలనీ పేరు గురించి కూడా ఒక మాట చెప్పాలి. చాలామంది దాన్ని ముంబయికి సంబంధించినదేమో అనుకుంటారు. అది వాల్మీకి అంబేద్కర్ ఆవాస్ యోజన అనే కేంద్ర ప్రభుత్వ గృహ పథకం, 2001లో వచ్చింది. ఆ పథకం ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలు కలిపితే వాంబే అయింది. ఆదికవి, రాజ్యాంగ శిల్పి ఇద్దరూ ఆ రెండక్షరాల్లో ఉన్నారని అక్కడ ఉండేవారికి చెప్పే పలక ఒక్కటి ఉంటే బాగుంటుంది. సత్యనారాయణపురంలో మా ఇంటి దగ్గరి బీఆర్‌టీఎస్ రోడ్డుది ఇదే వరస. ప్రత్యేక బస్సుల కోసం తలపెట్టిన పథకం పేరది. ఆ బస్సుల వ్యవస్థ అనుకున్నట్టు నడవలేదు గాని పథకం పేరు మాత్రం వీధి మీద స్థిరపడింది. అంతకుముందు అక్కడ రైలు పట్టాలుండేవి. గుడివాడ మీదుగా బందరు పోయే బండి మా వీధి చివర కూత వేసుకుంటూ వెళ్లేది. ఆ కూతకే మా ఇంట్లో అన్నం వండే వేళ తెలిసేది. ఇప్పుడు ఆ రోడ్డు మీద నడకకు వచ్చే పిల్లలకు తాము పట్టాల మీద నడుస్తున్నామని తెలియదు.

పటమట పేరును చూసినప్పుడల్లా నాకు ఒక ఆలోచన వస్తుంది. అందులో ఉన్నది ‘పడమట’ అనే మాటే, పాత కవర్ల మీద పడమటలంక అని రాసినవారు కూడా ఉన్నారు. తీరా చూస్తే పటమట విజయవాడ పాత పట్టణానికి తూర్పున ఉంది. తూర్పున ఉన్న చోటును పడమట అని పిలిచినవారు ఎక్కడ నిలబడి పిలిచి ఉంటారు? తప్పకుండా ఇంకా తూర్పున, కానూరు, పెనమలూరు వైపు నిలబడి ఉంటారని నా ఊహ. ఈ ఊహే నిజమైతే ఆ పేరు పెట్టినది బెజవాడ వాళ్లు కాదు, ఊరు పెరుగుతూ వెళ్లి వాళ్ల పేరును తనలో కలుపుకుంది. ఒక పేరులోని ఒక అక్షరం ఇంత చెబుతుంది కాబట్టే వర్ణక్రమం విషయంలో ఇంత పట్టుపడుతున్నాను. కృష్ణలంకను క్రిష్ణలంక అనీ, రథం సెంటర్‌ను రతం సెంటర్ అనీ రాసిన బోర్డులు నా కళ్లతో చూశాను. తెలుగు పేరును ఎవరో ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి, దాన్ని మరెవరో మళ్లీ తెలుగులోకి తిప్పితే ఇలా అవుతుంది. అమ్మవారి రథానికి ఒత్తు పోగొట్టుకున్న పాపం ఎవరి ఖాతాలో వేయాలో నాకు తెలియదు గాని, పలక అచ్చుకు పోయే ముందు తెలుగు వచ్చిన ఒక మనిషి చదివితే ఆ పాపం ఎవరికీ ఉండదు.

వన్‌టౌన్ పేర్ల దగ్గర కొంత సంకోచంతో మాట్లాడుతున్నాను. ఆ మాటకొస్తే వన్‌టౌన్ అనేదే పోలీసు స్టేషన్ల వరస నుంచి వచ్చిన పేరు. అదే అసలు బెజవాడ. అక్కడ బ్రాహ్మణ వీధి ఉంది, కుమ్మరిపాలెం ఉంది, గొల్లపాలెం గట్టు ఉంది, ఇస్లాంపేట ఉంది, పీర్ల పండుగలో ఎత్తే పంజాను గుర్తుచేసే పంజా సెంటర్ ఉంది. ఎవరెక్కడ ఉండేవారో, ఏ వృత్తి ఏ గట్టున సాగేదో ఆ పేర్లు చెబుతాయి. ఎవరినైనా కించపరిచే పేరు ఏ సందుకైనా ఉంటే దాన్ని మార్చవలసిందే, అందులో రెండో మాట లేదు. కానీ కులం మాట వినబడగానే ఉలిక్కిపడి అన్నింటినీ తుడిచేస్తే, కుండలు చేసిన చేతులు ఈ ఊళ్లో ఉండేవన్న గుర్తు కూడా పోతుంది. ఏది ఉంచాలో, ఏది మార్చాలో అక్కడ ఉండేవాళ్లను అడిగి నిర్ణయించండి.

చెట్టు పేరు మీద జమ్మిచెట్టు సెంటర్, సినిమా హాళ్ల పేరు మీద అలంకార్, అప్సర, విజయటాకీస్ సెంటర్లు, ఒక పార్టీ సభ పేరు మీద మహానాడు రోడ్డు, రోడ్డు వాలు పేరు మీద మాచవరం డౌన్. ఇవి ఎవరూ తీర్మానించని పేర్లు. వీటికి మీ రికార్డుల్లో చోటు ఉండకపోవచ్చు. అయినా డెబ్బై ఏళ్ల ముసలమ్మ ఆటో ఎక్కి ఇంటికి క్షేమంగా చేరేది వీటి సాయంతోనే. మాచవరం డౌన్‌ను తెలుగు చేస్తామని ఎవరైనా బయలుదేరితే దయచేసి ఆపండి. అందులోని ‘డౌన్’ ఎప్పుడో తెలుగైపోయింది.

ఒకే పేరు రెండు ఊళ్లలో ఉంటే వచ్చే చిక్కు కూడా సార్టింగ్ బల్ల దగ్గర చూశాను. అరండల్‌పేట మనకు ఉంది, గుంటూరుకూ ఉంది. పిన్ కోడ్ 1972లోనే వచ్చినా, కవరు మీద ఆ ఆరంకెలు రాయని మనుషులు నేను రిటైరయ్యే నాటికి కూడా తగ్గలేదు. అలాంటి కవరును పట్టుకుని దాని మీద ఇంకేదైనా ఆధారం ఉందేమోనని చూసేవాళ్లం. ‘బీసెంట్ రోడ్డు దగ్గర’ అని పక్కన చిన్న ముక్క కనిపిస్తే హమ్మయ్య అని మన పెట్టెలో వేసేవాళ్లం. రేపు ఊరికి నాలుగు కొత్త కాలనీలు వేసి నాలుగింటికీ దేశమంతా ఉన్న పేర్లే పెడితే, ఉత్తరాలు రాసేవాళ్లు తగ్గారు కాబట్టి నష్టం లేదని అనుకోకండి. అంబులెన్సులు తగ్గలేదు.

ఇది ఖర్చుతో కూడిన పని అంటారని తెలుసు. పలకలు ఎలాగూ మారుస్తుంటారు, వాన ఎండలకు వెలిసిపోయినప్పుడల్లా కొత్తవి పెడుతుంటారు. అలా మార్చే వరసలోనే ఈ పద్ధతి అమలు చేస్తే అదనంగా పడేది ఒక వాక్యం పెయింటు ఖర్చే. అసలు పని ఆ వాక్యం ఏమిటో తేల్చడం. దానికి మీ 64 డివిజన్లలో ఒక్కో డివిజన్‌కూ ఆ పేటలో పుట్టి పెరిగిన ఇద్దరు పెద్దలను, ఒక తెలుగు ఉపాధ్యాయుణ్ని, వీలైతే ఒక పాత పోస్ట్‌మ్యాన్‌ను కూర్చోబెట్టండి. ఒకే పేరుకు రెండు కథలు వినిపిస్తే రెండూ రాసుకోండి, పలక మీదకు మాత్రం కాగితం సాక్ష్యం ఉన్నదే ఎక్కించండి. బెజవాడ అనే పేరుకే ‘బెజ్జం’ కథ ఒకటి ఉంది. కృష్ణమ్మకు దారి ఇవ్వడానికి కొండకు బెజ్జం పడిందని పెద్దవాళ్లు చెబుతారు. కథను కథగా చెప్పుకుందాం, పదో శతాబ్దపు యుద్ధమల్లుని బెజవాడ శాసనాన్ని శాసనంగా చదువుకుందాం. ఊరి పేరు విజయవాడగా స్థిరపడి ఇన్నేళ్లయినా రైల్వేవారి సంకేతం ఇప్పటికీ బీజెడ్ఏ అనే ఉంది. ఆ మూడక్షరాల్లో బెజవాడ టికెట్టు మీద ఎక్కి దేశమంతా తిరుగుతోంది, దానివల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు.

ఇకముందు ఏదైనా వీధికి కొత్త పేరు పెట్టాలనే ప్రతిపాదన మీ ముందుకు వస్తే, తీర్మానంలోనే పాత పేరు, దాని అర్థం, మార్చడానికి కారణం మూడూ రాయించండి. పేరు మార్చే అధికారం మీకు ఉంది, ఆ అధికారాన్ని వద్దనడం లేదు. కాని పాత పేరు ఏమిటో కూడా రాయని తీర్మానం, ఆ వీధి ఉత్తరాలను దారి తప్పిస్తుందని ముప్పై మూడేళ్ల అనుభవంతో చెబుతున్నాను.

నా దగ్గర రెండు నోటు పుస్తకాలున్నాయి. బీటులో తిరిగిన రోజుల్లో కవర్ల మీద కనిపించిన వీధుల పేర్లను, అవి రాసే రకరకాల తీరులను, ఆ పేటల పెద్దలు చెప్పిన కారణాలను అందులో రాసుకున్నాను. అందులో మనుషుల పేర్లు తీసేసి వీధుల సంగతులు మాత్రం మీకు అప్పగించడానికి సిద్ధంగా ఉన్నాను, రమ్మంటే వచ్చి కూర్చుంటాను కూడా. ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే పడవల రేవు అంటాను. అక్కడ ఇప్పుడు పడవ లేదు, రేవూ లేదు, పేరొక్కటే ఉంది. ఆ రేవులో పడవ ఎక్కి ఏలూరు వెళ్లినవాళ్లు నాకు తెలిసి ఇద్దరే మిగిలారు. ఇద్దరికీ తొంభై దాటింది, ఒకరికి వినికిడి తగ్గింది. మీరు తేదీ చెబితే వారి ఇంటికి నేనే తీసుకువెళతాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తపాలా ఉద్యోగి,
సత్యనారాయణపురం, విజయవాడ.